దగ్గని ఎమిలీ

లండనులో అచ్చయిన ఇంగ్లీషు నవలను నేను. నాలోని కథానాయిక ఎమిలీకి క్షయ. కిటికీ పక్కన తెల్లగా, అందంగా పడుకుని, అందరినీ క్షమించి ప్రాణం విడుస్తుంది. ఓడెక్కి కాకినాడ చేరాక కూడా ఎందరో దొరసానుల చేతిరుమాళ్లు తడిపాను. అందుకు గర్వపడేదాన్ని.

వాళ్లలో ఒకామె స్వదేశం వెళ్లిపోతూ నన్ను మిషను బడి పంతులమ్మ రాహేలమ్మకు ఇచ్చింది. రాహేలమ్మ చెల్లెలు ఎస్తేరుకు అదే జబ్బు. ఇరుగుపొరుగు వాళ్లు ఆ గడప తొక్కడం మానేశారు. రాహేలమ్మ బడి నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని, నాలోని కథను తెలుగులో చెప్పేది.

కొన్నాళ్లు విన్నాక ఎస్తేరు అడిగింది. "అక్కా, ఆవిడ దగ్గదేంటే?"

రాహేలమ్మ పేజీలు తిరగేసింది. ఎక్కడా దగ్గు లేదు. నెత్తుటి గుడ్డలు లేవు, చెమటకు తడిసిన పక్క లేదు.

"నేనేమో మంచినీళ్లు ఆలస్యమైతే నిన్ను తిడుతున్నాను. ఆవిడంత మంచిదాన్ని కాదేమోనే" అంది ఎస్తేరు. జబ్బుకన్నా ఆ దిగులే ఆమెను ఎక్కువగా తినేస్తోంది.

మర్నాటి నుంచి రాహేలమ్మ నోట ఎమిలీ దగ్గసాగింది. గంజి గిన్నె తోసేసింది. నర్సును కసిరింది. చావంటే భయమని ఏడ్చింది. నాలో లేని మాటలవి. మొదట నాకు చిన్నతనమనిపించింది. ఎస్తేరు మాత్రం ఆవిడా తనలాంటిదేనని తేలికపడి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

చివరి అధ్యాయం దగ్గర రాహేలమ్మ నన్ను మూసేసింది. ఎమిలీకి నయమైపోయిందని చెప్పబోయింది.

ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుంది. "బతికించకే. ఆఖర్న పక్కన ఎవరున్నారో చెప్పు, చాలు."

"వాళ్లక్క ఉంది."

నాలో ఎమిలీకి అక్కే లేదు.

వానలు తగ్గకముందే ఎస్తేరు పోయింది. ఊపిరందక, తెల్లవార్లూ పెనుగులాడి పోయింది. అంటురోగం కనుక ఆమె ముట్టినవన్నీ తగలబెట్టమనీ, కంచాన్ని పాతిపెట్టమనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. రాహేలమ్మ పెరట్లో పరుపూ చీరలూ కుప్పపోసి, పైన నన్ను పెట్టి నిప్పంటించింది. నేల చెమ్మకు మంట మెల్లగా పాకుతోంది.

పొగలోంచి చూస్తున్నాను. ఆమె ఎస్తేరు కంచాన్ని నూతి దగ్గర తోముకుంది. అందులోనే అన్నం పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని తినడం మొదలుపెట్టింది.