రెండో బావి

ఆ ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బొగ్గు కాల్చకుండా, ఎండతో గాలితో పనిలేకుండా, భూమిలోని వేడితోనే కరెంటు తీయవచ్చని నమ్మింది ఇంజనీరమ్మ. భర్తది ఓడ మీద ఉద్యోగం. చంటిపాపను అత్తగారే సాకేది. ఆవిడ దర్జీ, పాప కోసం కుట్టుపని మానేసింది.

మొదటి బావి చాలా లోతు తవ్వారు. అడుగున రాయి నిప్పులా ఉంది గాని, చుక్క నీరు లేదు. నీరు లేనిదే ఆవిరి లేదు, ఆవిరి లేనిదే టర్బైను తిరగదు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదని ఊరు నవ్వింది.

ఆ సాయంత్రం ఇంజనీరమ్మ బూట్లయినా విప్పకుండా గడపలో కూలబడింది.

"ఇక వెళ్లను అత్తయ్యా. పాపను నేనే చూసుకుంటా."

అత్తగారు పాప నోట్లోంచి గుండీ లాగుతూ అడిగింది. "ఏం, కింద వేడి లేదా?"

"ఉంది. నీళ్లు పారే పగుళ్లే తగల్లేదు. తూర్పు వాలులో ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉన్నాయా?"

"ఉన్నాయనే నా నమ్మకం."

"మరి నాకెందుకు చెప్తావ్? నేనేమన్నా తవ్వాలా? వెళ్లి మీ పైవాళ్లకి చెప్పు."

కోడలికి నవ్వొచ్చింది. "మళ్లీ నీళ్లు పడకపోతే?"

"పడకపోతే ఇంటికొస్తావ్. ఇల్లెక్కడికీ పోదుగా!"

పైవాళ్లు ఒప్పుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తవ్వకం మొదలయ్యాక పాపకు పళ్లొచ్చి ఒకటే ఏడుపు. అత్తగారు రోజూ పాపను ఎత్తుకుని తవ్వకం కంచె దాకా నడిచేది. తల్లి బురద చేతులు కడుక్కుని వచ్చి పాలిచ్చి వెళ్లేది.

రెండో బావి మూత తెరిచిన రోజు ముందు బురద, తర్వాత మరిగే నీళ్లు ఎగజిమ్మాయి. ఆపైన విమానం నెత్తిన దిగుతున్నంత హోరుతో తెల్లటి ఆవిరి లేచింది. అందరూ పెద్దసారు వైపు పరిగెడితే, ఇంజనీరమ్మ కంచె వైపు పరిగెత్తింది. పాప చెవులు మూసి నిలబడ్డ అత్తగారిని వాటేసుకుని ఏడ్చేసింది.

కరెంటు కేంద్రం ప్రారంభించిన రోజు మైకు ఆమె చేతికిచ్చారు.

"బావి తవ్వింది మేమంతా. నన్ను నిలబెట్టింది మా అత్తయ్య. ఆవిడ రుణం ఈ జన్మకి తీరదు."

అత్తగారివి పాము చెవులు. అయినా పక్కావిడను మోచేత్తో పొడిచింది.

"సరిగా వినపడలేదు. ఏమందీ?"

పక్కావిడ చెప్పింది. అత్తగారు కళ్లు తుడుచుకుని, మళ్లీ చెప్పించుకుంది.