లైన్లో బాబాయ్

ఇంటి నుంచే పని అనగానే మా వదిన కుళ్ళుకుంది. "నీకేమమ్మా, మహారాణివి. బస్సు లేదు, బాసు మొహం లేదు, లేచిన బట్టల్తోనే ఉద్యోగం" అంది. అన్నవన్నీ నిజమే. లేచిన బట్టలు మధ్యాహ్నం దాకా నా ఒంటిమీదే ఉండేవి. మంచమే కుర్చీ, మంచమే బల్ల. కొన్నాళ్ళకి మెడ పట్టేసింది, నడుము మొండికేసింది, పని మాత్రం ముందుకి కదల్లేదు.

నేను ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తాను. ఎవరో ఎక్కడో ఆస్పత్రిలో చేరతారు. వాళ్ళ బిల్లులు నా కంప్యూటర్లోకి వస్తాయి. రిపోర్టులతో సరిచూసి, డబ్బివ్వొచ్చో లేదో రాస్తాను. రోజంతా ఊళ్ళోవాళ్ళ రోగాలు చదువుతూ నా ఒంటి సంగతి గాలికొదిలెయ్యడం నాకే చెల్లింది. మూడో అంతస్తులో ఒంటరి కాపురం కాబట్టి, తిన్నావా అని అడిగేవాళ్ళు గానీ, ఏమిటా అవతారం అని తిట్టేవాళ్ళు గానీ లేరు. ఒకరోజు కింద కొట్టతను "ఇంకేం కావాలండీ?" అంటే, మాట్లాడే అలవాటే తప్పి గొంతు పెగల్లేదు. తల అడ్డంగా ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నా పేరు పైకి అన్నాను. ఎవరో పిలిచినట్టే అనిపించి ఏడుపొచ్చింది.

అలాంటి రోజుల్లో బాబాయ్ ఫోన్ చేశారు. బాబాయ్ అంటే చుట్టం కాదు, ఆఫీసులో నా పక్కసీటు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. నిజం చెప్పాలంటే, ఆఫీసు ఉన్నన్నాళ్ళూ ఆయనంటే నాకు చిరాకు. కీబోర్డు మీద పగ ఉన్నట్టు దంచేవారు. కంపెనీ ఆఫీసు ఖాళీ చేసి అందర్నీ ఇళ్ళకి పంపినప్పుడు, హమ్మయ్య, ఆ చప్పుడు పీడ విరగడైంది అనుకున్నాను.

"అమ్మాయ్, నాకు పని సాగట్లేదు" అన్నారు. "పక్కన మనిషి లేకపోతే చెయ్యి ఆడట్లేదు. ఫోన్ ఆన్‌లో పెట్టుకుని ఎవరి పని వాళ్ళం చేసుకుందామా? మాట్లాడక్కర్లేదులే."

"బాబాయ్, కబుర్లకైతే నాకు తీరిక లేదు. పనుంటేనే లైన్లో ఉందాం. మీ కీబోర్డు ఆగిందంటే నేను పెట్టేస్తా."

"అలాగే తల్లీ" అన్నారాయన. నా నోటి దురుసు ఆయనకి కొత్త కాదు.

మర్నాటి నుంచి తొమ్మిదింటికల్లా ఫోన్ మోగేది. స్పీకర్ పెట్టి, నీళ్ళ సీసాకి ఆనించి పెట్టేదాన్ని. చిత్రమేమిటంటే, ఆయన ఫోన్ వచ్చేలోగా లేచి స్నానం చేసి శుభ్రమైన బట్టలు కట్టుకునేదాన్ని. ఫోన్లో బట్టలు కనపడవని నాకూ తెలుసు. మంచం వదిలేసి, బల్లని కిటికీ దగ్గరికి ఈడ్చుకున్నాను. గంటకోసారి అటునుంచి "లే అమ్మాయ్, లే" అని కేక వచ్చేది. ఆయన గదిలో ఆయన, నా గదిలో నేను అటూ ఇటూ నడిచేవాళ్ళం. ఆయన చెప్పులు టపటపమనేవి.

"నీళ్ళు తాగావా?"

"తాగాను."

"అబద్ధం. సీసా మూత చప్పుడవలేదు."

బల్ల దగ్గర కూర్చుని తింటే ఊరుకునేవారు కాదు. "ఆ ఆస్పత్రి బిల్లులు చూస్తూ తింటే అరిగి చస్తుందా? అవతలికి పో" అనేవారు. మెడనొప్పి తగ్గింది. ఫైళ్ళు చకచకా కదిలాయి. సాయంత్రం కంప్యూటర్ మూసేసి కాసేపు వీధిలో నడిచే ఓపిక కూడా మిగిలేది. "ఏంటి కథ, గొంతులో హుషారు పలుకుతోంది, ఎవరన్నా దొరికారా?" అని వదిన ఆటపట్టించింది. "దొరికాడులే, కీబోర్డు దంచే ముసలాయన" అన్నాను.

ఆదివారం లైను ఉండేది కాదు. శనివారం సాయంత్రం నుంచే నాకు బెంగ మొదలయ్యేది. ఫోన్ చేసి ఊరికే మాట్లాడొచ్చు కదా అంటారేమో. మాట్లాడక్కర్లేదనుకునే కదా మొదలుపెట్టాం. ఆయనా చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఇద్దరం ఇద్దరమే.

కొన్ని నెలలు గడిచాక, ఉన్నట్టుండి పని నెత్తిన పడింది. పొద్దున్నే తెరిచేసరికి ఫైళ్ళు గుట్టలుగా ఉండేవి. నేను చిటపటలాడుతూ చేస్తుంటే ఆయన పల్లెత్తు మాట అనేవారు కాదు. "మీకూ ఇంతే ఉందా బాబాయ్?" అని ఒకసారి అడిగాను. "ఆఁ, ఉంది ఉంది" అని ఇంకాస్త గట్టిగా దంచారు.

ఆ రద్దీలోనే ఒకరోజు మా సూపర్‌వైజర్ కంప్యూటర్లో కాల్ చేసింది. బాబాయ్‌ని మ్యూట్‌లో పెట్టి ఎత్తాను.

"ఎందుకండీ ఇంత వెనకబడ్డారు?"

"ఒక్కదాన్ని ఎన్నని చూడను మేడమ్? బాబాయ్‌కి కూడా సగం పంచండి."

"మీకు తెలీదా? ఆయన్ని తీసేసి నెల దాటింది. మీకు ఎక్కువగా వస్తున్నవి ఆయన ఫైళ్ళే."

ఆవిడ కాల్ పెట్టేసింది. నీళ్ళ సీసా పక్కన బాబాయ్ కీబోర్డు టకటకమంటూనే ఉంది.

ముందు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశారనుకున్నాను. కడిగి పారేద్దామనే మ్యూట్ తీశాను.

"బాబాయ్, ఏం కొడుతున్నారు?"

చప్పుడు ఆగింది. "పనే అమ్మాయ్."

"ఏ పని? మేడమ్ అంతా చెప్పింది."

కాగితాల గలగల వినిపించింది. "ఇంట్లో పాత పేపర్లున్నాయి. వాటిని చూసి టైపు కొడుతున్నా. వార్తలు, వాతావరణం, ఇళ్ళ ప్రకటనలు, ఏది కనపడితే అది."

"ఎందుకూ?"

"ఆపితే నువ్వు పెట్టేస్తావుగా."

కోపమంతా ఎక్కడికి పోయిందో తెలీదు. ఆయనే మళ్ళీ అన్నారు. "మీ పిన్ని పోయాక ఈ ఇంట్లో మనిషి అలికిడంటూ ఉంటే అది నీ లైనే. నీకు చెబుదామనే అనుకున్నా. రోజూ రేపు చెబుదాంలే అనుకున్నా. సిగ్గుగా ఉందమ్మా, ఉంటాను." పెట్టేశారు.

మర్నాడు తొమ్మిది దాటినా ఫోన్ మోగలేదు. నేనే చేశాను. ఎత్తలేదు. గంటకోసారి చేశాను. ఎప్పుడు చేసినా చివరిదాకా మోగి ఆగిపోయింది. ఆయనకేమన్నా అయిందేమోనని భయమేసింది. పోనీ వెళ్దామంటే ఇల్లెక్కడో తెలీదు. ఇన్ని నెలలు ఆయన చెప్పుల చప్పుడు విన్నదాన్ని, మీ ఇల్లు ఏ వీధిలో అని అడిగిన పాపాన పోలేదు. సూపర్‌వైజర్‌ని అడిగితే, అడ్రసులివ్వడం రూల్స్‌కి విరుద్ధమంది. ఆ రోజు నేను తినలేదు, కుర్చీలోంచి లేవలేదు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని మర్చిపోయాను. ఆయన ఇక ఎప్పటికీ ఎత్తకపోతే నేనేమైపోతానన్న భయం కూడా వేసింది. ఆ భయం నాకోసమే, దాచుకోవడమెందుకు?

ఆ మర్నాడు నాలుగోసారో ఐదోసారో చేసినప్పుడు ఎత్తారు.

"చెప్పమ్మా." గొంతు బొంగురుపోయి ఉంది.

ఎత్తితే దులిపేద్దామని బోలెడు మాటలు సిద్ధం చేసుకున్నాను. తీరా అన్నది ఇదొక్కటే.

"లైన్లో ఉండండి బాబాయ్."

"ఉండి ఏం చెయ్యను? నాకు పని లేదు కదా."

"నాకుంది కదా. మీరేం కొట్టక్కర్లేదు. ఊరికే ఉండండి."

ఆయన పెట్టెయ్యలేదు. కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. నేను ఫైలు తెరిచాను. ఎవరో ముసలావిడ తుంటి ఎముక ఆపరేషన్ బిల్లు. మొదటి పేజీ పూర్తికాకముందే అటునుంచి వెక్కిళ్ళు మొదలయ్యాయి. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనట్టు. తిట్టమంటే తిట్టగలను గానీ ఓదార్చడం నాకు చేతకాదు. ఫైలు మూసేసి, ఫోన్ దగ్గరికి లాక్కుని, ఆయన ఏడ్చినంతసేపూ లైన్లోనే ఉన్నాను.