ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులు

గేమ్ సార్ మార్కండేయులుకు అన్యాయం జరిగింది పంతొమ్మిది వందల ఎనభై ఏడు జూన్ నెలల, కాలేజీలు తెరిచిన వారానికి. చేసింది జగిత్యాలల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీని నడిపే కమిటీ. కమిటీ అంటె పేరుకు ఏడుగురు, నోరు మాత్రం ఒక్కటే. ఆ నోరు శశిధర్ రావుది. ఊళ్ళె గడీకి తాళమేసి టౌనుకు వచ్చినంక, ఎవరి మీదనన్న పెత్తనం చెయ్యకపోతె ఆయనకు తిన్నది అరగకుంటయింది. అందుకే కాలేజీ పెట్టిండు.

అంతకుముందు ఎనిమిదేండ్లు మార్కండేయులుకు పొద్దు ఒక్కతీరుగనే పొడిచింది. ఐదున్నరకు సైకిల్ మీద కాలేజీకి పోవుడు, అడుగున బొక్కలు కొట్టిన డాల్డా డబ్బల సున్నం పోసుకొని బాస్కెట్‌బాల్ కోర్టుకు గీతలు కొట్టుడు. మొరం నేల. వాన కొడితె గీతలు కొట్టుకపోతయి, ఎండ కొడితె దుమ్ముల కలుస్తయి. అయినా సరే, గీత లేనిది ఆట లేదని రోజూ కొట్టేటోడు. ఆరింటికి పోరగాండ్లు వచ్చేటోళ్ళు. సగం మందికి బూట్లు లేవు. మగ్గం నేసే సాలోళ్ళ పిల్లలు, బీడీలు చేసే తల్లుల పిల్లలు, ఎల్లారెడ్డిపేట దిక్కునుంచి, ఇబ్రహీంపట్నం దిక్కునుంచి వచ్చి కిరాయి రూములల్ల వండుకొని చదివేటోళ్ళు. వాళ్ళతోటే ఐదేండ్లు జిల్లాల ఉన్న కాలేజీలన్నిటినీ ఓడగొట్టిండు. మనిషి ఆరడుగుల రెండంగుళాలు. స్టాఫ్ రూములకు పోవాలంటె తల వంచాలె.

ఎనభై నాలుగుల తిరగబడ్డది. టీముల అందరికన్న మంచిగ ఆడే ఓదెలు ఒకనాడు పొద్దుగాల రాలే. తెల్లారి గూడ రాలే. ఎల్లారెడ్డిపేటకు పోయి తల్లి ఎల్లవ్వను అడిగితె, "అన్నలతోటి అడవికి పోయిండట సారూ. నాకు గూడ చెప్పలే" అని కొంగు నోట్లె కుక్కుకున్నది. ఇంకొకడు వీసా దొరికిందని దుబాయి పోయిండు. మరొకణ్ణి, ఓదెలుకు దోస్తువని ఠాణాకు తీస్కపోయి, మూడు దినాలకు ఇడిసిపెట్టిన్రు. మనిషిని ఇడిసిన్రు గని, మోకాళ్ళు మాత్రం వాపసియ్యలే.

మిగిలినోళ్ళతోటి ఆడితె ఓడుడు షురువైంది. ఓడిన ఒక్కొక్క ఆటకు మార్కండేయులు అరంగుళం తగ్గేటోడు.

జగిత్యాల ఆటల సంగతి పేపర్లల్ల ఎవడు రాస్తడు? ఊరోళ్ళు సార్‌ను చూసే తెలుసుకునేటోళ్ళు. "కోరుట్ల ఆట పోయినట్టుంది గద సార్" అనుకుంట చాయ్ హోటల్ కనకయ్య గిలాస చేతికిచ్చేటోడు. మంగలి శంకరయ్య కుర్చీ మీద పీట ఏసిండు, ఏడాదికి ఇంకొక పీట ఏసిండు. నడుమ నాలుగు ఆటలు గెలిచినా పోయిన ఎత్తు తిరిగి రాలే, ఉన్నకాడ ఉన్నది. తల వంచకుంటనే స్టాఫ్ రూములకు పోయిన నాడు మార్కండేయులు గడప దాటి, వెనుకకు తిరిగి, తలుపును కొంచెం సేపు చూసిండు. అంతే.

భార్య రుక్కమ్మది సిరిసిల్ల. మగ్గం గుంతకాడ పుట్టి పెరిగిన మనిషి. బట్టకు కత్తెర పెట్టుడంటె ఆమెకు చెయ్యి రాదు. ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టేది, మడిచినదాన్నే మళ్ళ మడిచి కుట్టేది.

"ఏమయ్యా, ఈసారి ఎంతల ఓడిన్రు?"

"మూడు పాయింట్లు."

"మొన్న ముప్పై పాయింట్లకు అరంగుళమే, ఇయ్యాల మూడుకు అరంగుళమేనా? ఎవడు పెట్టిండో గీ లెక్క, వాని ఇంట్ల ఆడోళ్ళు లేనట్టున్నరు."

"నవ్వకే రుక్కూ."

"నవ్వక ఏడ్వాల్నా? ఇదివరకు నీ మొఖం చూడాలంటె నాకు మెడ నొస్తుండె. ఇప్పుడు సక్కగ కండ్లల్ల పడుతున్నవు. ఇగో, కాలు చాపు, సూది గుచ్చుకుంటది."

ఎనభై ఆరుల అప్పటి ఎస్సై కాలేజీకి వచ్చి, శశిధర్ రావు పక్కన కూసొని, మార్కండేయులును పిలిపించిండు. ఆటకు వచ్చుడు బందు పెట్టిన పోరగాండ్ల పేర్లు రాసియ్యమన్నడు. రానోళ్ళు యాడికి పోయిన్రో అందరికి ఎరుకనే.

"నేను వచ్చినోళ్ళ హాజరే రాస్త సార్" అన్నడు మార్కండేయులు. "రానోళ్ళ పేర్లు నా రిజిస్టర్‌ల ఉండయి."

"యాదికి గూడ ఉండయా?"

"మనిషినే తగ్గుతున్న గద సార్. యాది ఎంతని ఉంటది?"

ఎస్సై నవ్వలే. శశిధర్ రావు అసలే నవ్వలే. గేమ్ సార్ నౌకరి మీద ఆయన బామ్మర్ది కన్ను పడి అప్పటికే ఆరు నెలలైంది. బామ్మర్దికి బంతి గుండ్రంగ ఉంటదన్న సంగతి తప్ప ఆటల ఇంకేమి తెల్వదు.

ఎనభై ఏడు ఫిబ్రవరిల, కోరుట్లల, మార్కండేయులు ముప్పయ్యో ఆట ఓడిండు. జూన్‌ల కమిటీ పిలిచింది. పోయేసరికి బల్ల మీద టైలరు టేపు పెట్టి ఉన్నది. క్లర్కు పోశం సర్వీసు రిజిస్టరు తెరిచి కూసున్నడు.

"గోడకు నిలబడు మార్కండేయులూ" అన్నడు శశిధర్ రావు.

నిలబడ్డడు. పోశం టేపు పట్టి, "నాలుగడుగుల పదకొండంగుళాలు" అన్నడు, ఎవరికీ వినబడొద్దన్నంత మెల్లగ.

"రిజిస్టర్‌ల ఎంతున్నది?"

"ఆరడుగుల రెండు, దొరా."

శశిధర్ రావు కుర్చీల వెనుకకు ఒరిగిండు. "మేము నౌకరిచ్చింది ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులుకు. ఈయన నాలుగడుగుల పదకొండు. ఈయనకు మేము నౌకరి ఎప్పుడిచ్చినం?"

ప్రిన్సిపాల్ కిటికీలకెల్లి బయటికి చూసిండు. అక్కడ చూసేటందుకు ఏమీ లేదు, అందుకే చూసిండు.

"సార్, మీరే నన్ను పేరు పెట్టి పిలిచిన్రు గద" అన్నడు మార్కండేయులు.

"పేరు ఎవనికన్న ఉంటది."

ఓడిపోయినందుకు తీసేస్తె నోటీసియ్యాలె, సంజాయిషీ తీసుకోవాలె. అసలు మనిషే వేరంటె ఏ తిప్పల లేదు. ఆ తెలివిని పాఠాల మీద పెడితె కాలేజీ బాగుపడేది. పోశం చెప్పింది చెప్పినట్టు రాసిండు: 'రిజిస్టరులో నమోదైన మార్కండేయులు, ప్రస్తుతము విధులకు వచ్చుచున్న మార్కండేయులు ఒక్కరు కారని కమిటీ తీర్మానించినది.' కింద ఏడు సంతకాలు, ఒక ముద్ర.

సామాను లారీల ఏసుకొని ఇద్దరు సిరిసిల్లకు వచ్చిన్రు. మార్కండేయులు మేనమామ కొడుకు షెడ్డుల సాంచలు నడుపుడుకు కుదిరిండు. నాలుగు మరమగ్గాల నడుమ సందు ఇరుకు, వంగకుంట తిరగచ్చు. పొద్దంత ఆ చప్పుట్ల ఉండి ఇంటికి వచ్చి, సాయంత్రం పూట గడపల కూసొని, రిజిస్టర్‌ల ఉన్నట్టే 'ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులు' అన్న పేరు మీద అప్పీలు రాసేటోడు. ఆయనకు కావల్సింది ఒక్కటే. ఆ మార్కండేయులు, ఈ మార్కండేయులు ఒక్కడేనని సర్కారు నోట అనిపించాలె. అన్నదంటె నౌకరి దానంతట అదే వస్తది.

"వాళ్ళు నిన్ను కొలిచిన్రు. వాళ్ళ బుద్ధిని కొలిచేటోడు ఉండద్దా? రాయి, గట్టిగ రాయి" అనేది రుక్కమ్మ. జగిత్యాలకు పోయి సాక్ష్యాలు గూడ ఆమెనే పట్టుకొచ్చింది. మంగలి శంకరయ్య కాయితం మీద ఉన్నది ఒక్క ముక్కనే: 'ఎనిమిదేండ్లు నేను ఈ తలనే కత్తిరించిన. తల మారలేదు.'

విచారణ డిసెంబరుల, జగిత్యాల సర్కారు బంగ్లాల అని కార్డు వచ్చింది. విచారణకు నాలుగు దినాల ముందు పోశం బస్సు దిగి, అటూ ఇటూ చూసుకుంట ఇంట్లకు వచ్చిండు. నీళ్ళియ్యంగనే సగం తాగి, సగం అంగీ మీద పోసుకున్నడు.

"అడవిల ఓదెలు సంచి దొరికిందట సార్. ఓదెలు దొరకలే. సంచిల మన టీము ఫోటో ఉన్నది. మీరు ఓదెలు భుజం మీద చెయ్యేసి నిలబడ్డరు గద, గది. కొత్త ఎస్సై కాలేజీకి వచ్చి, గీ పొడుగాయన ఎవరని అడిగిండు. దొర రిజిస్టరు చూపిచ్చి, పేరు, ఎత్తు రాసిచ్చిండు. పోరగాండ్లను అడవి లోపలికి తోలేది ఈయనేనని గూడ అన్నడు. విచారణ నాడు పేరు పిలువంగనే ఎవరు లేస్తె వాళ్ళను పట్టుకుంట అని ఎస్సై కూసుంటడట."

పోశం పోయినంక రుక్కమ్మ తలుపు దగ్గరికేసి వచ్చి కూసున్నది.

"పోకు" అన్నది రుక్కమ్మ. "నౌకరి పోతె పోనీ. తీస్కపోయినోళ్ళు ఎట్ల తిరిగొచ్చిన్రో చూసినం. కొందరైతె అసలే రాలే."

"పోకపోతె వాళ్ళ రాతే నిజమైతది."

"పోతె?"

మార్కండేయులు విచారణ కార్డు తీసి అంగీ జేబుల పెట్టుకున్నడు. రుక్కమ్మ లేచి చెప్పులు తుడిచి పెట్టింది. "అయితె నేను గూడ వస్త."

విచారణ నాడు బంగ్లా వరండాల ఒక దిక్కు శశిధర్ రావు, బామ్మర్ది, పోశం. ఇంకొక దిక్కు సాక్ష్యానికి వచ్చిన శంకరయ్య, కనకయ్య. నడుమ బెంచి మీద రుక్కమ్మ, మార్కండేయులు. మెట్లకాడ కుర్చీ ఏసుకొని కొత్త ఎస్సై. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి నెల గూడ కాలే. పక్కన ఉన్న కానిస్టేబులుది కోరుట్ల, మార్కండేయులు ఓడిన ఆటలు మూడు చూసినోడు. తెరిచి ఉన్న తలుపుల నుంచి లోపల విచారణ ఆఫీసరు కనబడుతున్నడు.

ఎస్సై జేబులకెల్లి ఫోటో తీసిండు. చూసిండు. మార్కండేయులును చూసిండు. లేచి దగ్గరికి వచ్చిండు.

"ఏవండీ రావుగారూ, ఈయన పోలికలు అచ్చం ఫోటోలో ఆయనవేనండీ. ఈయనా ఆయనా ఒకళ్ళేనా?"

వరండాల ఉన్నోళ్ళందరు శశిధర్ రావు దిక్కు చూసిన్రు. లోపల ఆఫీసరు గూడ పెన్ను ఆపి చెవి పెట్టిండు.

శశిధర్ రావు లెక్క ఏసుకున్నడు. ఔనంటె, ఆఫీసరు విననే వింటున్నడు. తీర్మానం చిత్తుకాయితమైతది. ఏడు సంతకాలు అబద్ధమైతయి. మార్కండేయులు మళ్ళ గేమ్ సార్ అయితడు. కాదంటె, ఎస్సై చేతికి దొరికిన మనిషి దొరకకుంట పోతడు. ఒకరి గురించి ఇంత సేపు ఆలోచించుడు ఆయన జన్మల అదే మొదలు.

"పేరు ఒక్కటే" అన్నడు చివరికి. "మనిషి వేరు. మా కమిటీ తీర్మానం ఉన్నది."

"రాసిచ్చారుగా, ఆయన ఆరడుగుల రెండు?"

"ఆరడుగుల రెండు."

ఎస్సై వంగి మార్కండేయులును చూసిండు. "నీకేమవుతాడయ్యా ఆయన?"

రుక్కమ్మ అందుకున్నది. "మా ఇంటాయననే సారూ. మస్తు ఎత్తు. తలుపులకు తల తాకుతుండె. ఎటు పోయిండో ఏమో. ఇయ్యాల పేరు పిలుస్తరట, వస్తడేమో అని మేము గూడ ఆయన కోసమే కూసున్నం."

"మరి ఈయనెవరు?"

"ఈయన నాకు తోడొచ్చిండు."

కోరుట్ల కానిస్టేబులు టోపీ తీసి, లోపల ఏదో అంటినట్టు తుడిచి, మళ్ళ పెట్టుకున్నడు. ఎస్సై ఆయన దిక్కు చూస్తె, "ఎత్తు కలుస్తలేదు సార్" అన్నడు.

బంట్రోతు వరండాలకు వచ్చి గొంతు సవరించుకున్నడు.

"ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులు!"

ఎస్సై నిటారుగ నిలబడ్డడు. మార్కండేయులు కాళ్ళు వాటంతట అవే లేవబోయినయి. ఎనిమిదేండ్లు సున్నం గీతల మీద తిరిగిన కాళ్ళు. ఒక్క మాట అంటె చాలు, అంతా వాపసు వస్తది: కోర్టు, ఆరింటి పోరగాండ్లు, ఓదెలు భుజం మీద ఏసిన చెయ్యి. నేనే. ఆ మాట నాలుక మీదికి వచ్చి కూసున్నది.

"ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులు!"

శంకరయ్య తన అరచేతులు చూసుకున్నడు. పోశం కండ్లు మూసుకున్నడు. రుక్కమ్మ భర్త చెయ్యి పట్టుకోలే, వద్దని సైగ గూడ చెయ్యలే. ముందటికి చూసుకుంట కూసున్నది.

మూడోసారి పిలిచేసరికి ఎస్సై గేటు దిక్కు తిరిగిండు. ఆయన వెనుకనే శశిధర్ రావు, బామ్మర్ది, బంట్రోతు, ఒక్కొక్కరు తిరిగిన్రు. మార్కండేయులు గూడ తిరిగిండు. ఊకెనే తిరుగలే. ఆ గేటులకెల్లి పొడుగాటి మనిషి ఒకడు, తల కొంచెం వంచి, సైకిల్ నడిపించుకుంట వస్తడేమోనని నిజంగనే చూసిండు. ఎండల గేటు తెరిచే ఉన్నది. ఎవ్వరూ రాలే.

మాట మింగిండు.

ఎస్సై తన డైరీల 'పరారీ' అని రాసుకొని జీపెక్కిండు. లోపల ఆఫీసరు ఇంకు పెన్నుతోటి, తొందర లేకుంట, దస్త్రం మీద రాసి కింద సంతకం పెట్టిండు:

'అప్పీలుదారు, ఆరడుగుల రెండంగుళాల మార్కండేయులు, మూడు మార్లు పిలిచినను హాజరు కానందున అప్పీలు కొట్టివేయడమైనది. జగిత్యాల, 9 డిసెంబరు 1987.'