బొమ్మల తరగతి తెరుచుకోలేదు

మా ఊరి చర్చి పక్క సందులో వర్జీలియు హోటలుంది. మధ్యాహ్నం పాలరాతి గనుల నుంచి పనివాళ్ళు ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో వచ్చి కూర్చుంటే, వర్జీలియు భార్య ఇదలీనా వెల్లుల్లి, కొత్తిమీర దండిగా వేసిన రొట్టె చారు వడ్డిస్తుంది. బల్లల మీద గుడ్డలు వెయ్యరు. తెల్ల కాగితం పరిచి, తిన్నాక చించి పారేస్తారు. ఆ కాగితాల మీదే వాళ్ళమ్మాయి బెనెదీతా బొమ్మలు వేసేది. బడి వదలగానే దాని స్నేహితురాలు ఈరిస్ కూడా వచ్చి చేరేది. ఈరిస్ గనిలో క్రేను నడిపే అమాదేవు కూతురు. బెనెదీతా ముఖాలు గీస్తే ఈరిస్ చేతులు గీసేది. గనివాళ్ళ చేతులు గీయడం దానికే చేతనవును.

"ఒరేయ్ అమాదేవూ, నీ కూతుర్ని చూడరా, నా తెగిన వేలు కూడా వదల్లేదు" అని జెరోనిము మురిసిపోయేవాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పెళ్ళానికి చూపించడానికి తీసుకుపోయేవాడు.

ఊరంతా ఇలాగే మెచ్చుకునేది. అయితే పాఠకులారా, ఆ మెప్పు ఎంత చౌకదో చూడండి. పిల్ల గీసిన బొమ్మని ఇంటికి పట్టుకెళ్ళినవాడే, పిల్ల ఆ విద్యే చదువుకుంటానంటే పగలబడి నవ్వుతాడు.

మా దేశంలో తొమ్మిదో తరగతి అయ్యాక పిల్లలు తమ చదువుకి దారి ఎంచుకోవాలి. సైన్సు, ఆర్థికం, భాషలు, లేదంటే దృశ్యకళలు. మా ఊరి హైస్కూల్లో దృశ్యకళలు ఎప్పుడూ లేవు. కావాలన్నవాళ్ళు ఎవొరా నగరానికి పోవలసిందే. సరిపడా పిల్లలు చేరితేనే తరగతి తెరుస్తారు. బడిలో బొమ్మలు నేర్పే లూర్దెస్ టీచరు ఆ తరగతి కోసం ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగింది. చివరికి ఆ సంవత్సరం పిల్లలు కుదిరారు. ఎంతమంది కావాలో సరిగ్గా అంతమందే. బెనెదీతా, ఈరిస్ ఆ వరుసలో ముందున్నారు. ఈరిస్‌కి మిగతా చదువు అంతంతమాత్రం. ఈ తరగతి ఒక్కటే దాని ఆశ.

సంగతి హోటల్లో పొక్కింది.

"ఏం నేర్పుతారు వర్జీలియూ అక్కడ, గోడకి సున్నం వెయ్యడమా?" అన్నాడు జెరోనిము. "ఏటా ఈస్టరుకి మా ఆవిడ ఇల్లంతా సున్నం వేసి, అడుగున నీలం పట్టీ కూడా గీస్తుంది. ముందు ఆవిడకిప్పించు డిగ్రీ."

అందరూ నవ్వారు. వర్జీలియు కూడా నవ్వాడు. మందుల షాపు ఒక్తావియు మాత్రం నవ్వలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు.

"లెక్కల్లో ఐదుకి ఐదు తెచ్చుకునే పిల్లవయ్యా అది" అన్నాడాయన, కాఫీ కలుపుకుంటూ. "లెక్కలంటే పారిపోయేవాళ్ళు చేరే తరగతిలో పారేస్తానంటావేంటి? రేపు అది ఎదురు తిరిగి, ‘చిన్నపిల్లని, నాకేం తెలుసు, నువ్వెందుకు చెప్పలేదు?’ అంటే ఏం చెప్తావ్?"

జెరోనిము ఎగతాళిని వర్జీలియు దులిపేసుకున్నాడు. డాక్టరుగారి మాట మాత్రం ముల్లులా దిగింది.

"పిల్లకి సరేనన్నావు కదయ్యా" అంది ఇదలీనా.

"అన్నాను. నాలుగు రోజులు ఏడుస్తుంది, మర్చిపోతుంది. రేపు మనకే దణ్ణం పెడుతుంది."

పేర్లు ఇచ్చే ఆఖరి రోజున బడికి వెళ్ళి కూతురి పేరు సైన్సులోకి మార్పించాడు. మా దగ్గర ఈ విషయంలో తల్లిదండ్రుల మాటే చెల్లుతుంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాడు. బెనెదీతా ఏడవలేదు. చెంచా కింద పెట్టి, "ఈరిస్‌కి తెలుసా నాన్నా?" అని అడిగింది. మధ్యలో ఈరిస్ ఎందుకొచ్చిందో వర్జీలియుకి అర్థం కాలేదు.

సెప్టెంబరులో అర్థం కావలసింది. దృశ్యకళల తరగతి తెరుచుకోలేదు. ఒక్క పేరు తక్కువైంది. వీలున్నవాళ్ళు ఎవొరాకి బస్సెక్కారు. ఈరిస్‌కి ఆ వీలు లేదు. తల్లి మంచం పట్టి ఉంది, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. చీకటితో బయల్దేరి చీకటి పడ్డాక వచ్చే బస్సు ఆ ఇంటికి పనికిరాదు. ఊళ్ళోనే సీటు దొరికిన హోటలు పని కోర్సులో చేరింది. లూర్దెస్ టీచరు ఇక్కడ తరగతి లేక, వేరే ఊరు వెళ్ళిపోయింది. వర్జీలియు మాత్రం ఇదంతా పై అధికారుల నిర్వాకం అనుకున్నాడు. హోటల్లో నలుగురితో కలిసి వాళ్ళని తిట్టాడు కూడా.

వసంతంలో ఆ కోర్సు పిల్లల్ని పని నేర్చుకోమని ఊళ్ళో హోటళ్ళకి పంపారు. ఈరిస్ వంతుకి వర్జీలియు హోటలు వచ్చింది. నల్ల ఏప్రాను కట్టుకుని పళ్ళేలు తీసేది, కాగితం చించి కొత్త కాగితం పరిచేది. జెరోనిము ఊరుకోలేక చెయ్యి చాపి, "ఏదమ్మా, ఒక్కసారి గీసిపెట్టు. వేలు ఇంకా మొలవలేదు" అన్నాడు.

"ఇప్పుడు గీయట్లేదు బాబాయ్. కాఫీ తేనా?" అంది ఈరిస్.

అందులో కోపం లేదు. అందుకే జెరోనిము చెయ్యి వెనక్కి తీసుకుని, తల వంచుకుని తిన్నాడు.

బెనెదీతా బడి నుంచి వచ్చి, ఈరిస్ పక్కనుంచే, పలకరించకుండా మేడ మీదికి వెళ్ళిపోయింది. అది చూసి వర్జీలియు ఉండబట్టలేకపోయాడు.

"ఏమ్మా, మీరిద్దరూ కంచం పొత్తు, మంచం పొత్తుగా ఉండేవాళ్ళు. ఏమైంది?"

ఈరిస్ కప్పులు కడుగుతూనే చెప్పింది. "ఏముంది బాబాయ్. ఆఖరి రోజున మనసు మార్చుకుంది. ముందు చెప్పుంటే లూర్దెస్ టీచరు ఇంకొకర్ని వెతికేది కదా."

"మనసు మార్చుకుందా? ఎవరు చెప్పారు?"

"తనే. భయమేసిందిట, అందుకని పేరు తీయించుకుందిట."

వర్జీలియు చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అది తీయించుకోలేదమ్మా. నేను తీయించాను. దాన్ని అడగను కూడా లేదు."

ఈరిస్ కుళాయి కట్టేసింది. "మేమిద్దరం గీసినవన్నీ పొయ్యిలో వేసేశాను బాబాయ్" అంది. అప్పుడు ఏడ్చింది.

వర్జీలియు మేడ మీదికి వెళ్ళి కూతురి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎందుకమ్మా నీ మీద వేసుకున్నావు?"

"ఈరిస్ వాళ్ళ నాన్నకి రోజూ నువ్వే కాఫీ ఇవ్వాలి కదా నాన్నా" అంది బెనెదీతా, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆ రోజు తర్వాత ఆడపిల్లలిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. సాయంత్రాలు చర్చి మెట్ల మీద కూర్చుంటున్నారు. పెన్సిలు మాత్రం ఇద్దరూ పట్టలేదు.

జూన్‌లో బడిలో మళ్ళీ తల్లిదండ్రుల సమావేశం జరిగింది. దృశ్యకళలు కావాలన్నవాళ్ళు చెయ్యెత్తమంటే, కావలసినవాళ్ళలో సగం చేతులు కూడా లేవలేదు. "నిరుడు మూసేశారుగా, ఈసారి మా పిల్లని నడిసముద్రంలో వదలరని ఏమిటి నమ్మకం?" అంది ఒక తల్లి. వెనక వరసలోంచి వర్జీలియు లేచాడు. అమాదేవు అతని పక్కనే కూర్చుని ఉన్నాడు. పేరు తీయించింది ఎవరో అప్పటికే విన్నాడు. తల తిప్పి చూడలేదు.

"నిరుడు ఆ తరగతిని మూసింది బడి కాదు, నేను" అన్నాడు వర్జీలియు. "మా అమ్మాయి మంచి కోరే చేశాను. హోటల్లో నలుగురి మాటా విన్నాను, దాని మాట వినలేదు. నా ఇంటి వ్యవహారమే కదా, నా పిల్లే కదా అనుకున్నాను. మా అమ్మాయికి లెక్కలొచ్చు, ఏదో చదువుకుంటుంది. ఇంకో దారి లేని పిల్ల ఇవాళ నా హోటల్లో కప్పులు కడుగుతోంది. పొద్దున్నే దాని మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంది."

తర్వాత ముందు వరసల్లోని తల్లిదండ్రుల వైపు తిరిగాడు.

"బొమ్మల చదువు ఒక చదువా అని నవ్వే ముందు, మీ పిల్ల పేరు అందులోంచి తీసేసే ముందు, ఆ చదువు మీదే ఆశ పెట్టుకున్న పొరుగింటి బిడ్డని ఒక్కసారి తలుచుకోండి, మీరు తీసేది మీ బిడ్డ పేరొక్కటే కాదు."