బిగించిన కుట్టు

మా అక్క కుట్టిన బట్ట తిరగేసి చూస్తే ప్రతి కుట్టు పక్కనా రెండు వేళ్ల వెడల్పు గుడ్డ మిగిలి ఉంటుంది. మనిషి పెరుగుతాడు గానీ బట్ట పెరగదంటుంది అక్క. కొన్నాళ్లకు ఒళ్లు చేసినవాళ్లు అదే బట్ట పట్టుకొచ్చి సిగ్గుపడుతూ నిలబడితే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆ మిగులు గుడ్డలోంచి వదులు చేసి ఇస్తుంది. ఇంతమంది దర్జీలుండగా జనం మా కొట్టుకే రావడానికి కారణం అదే. కాజాలు, గుండీలు, హుక్కులు నా పని. వచ్చినవాళ్లతో మాటలు కూడా నా పనే. అక్క నోట్లోంచి మాట రావాలంటే పంటికింద రాయి పడాలి.

అక్కకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు కంచంలో నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోయేదని దాన్ని పిచ్చుక అని పిలిచాం. పెద్దయ్యాక ఆ పేరు దానికే వెక్కిరింతలా తయారైంది. కళ్లాసుపత్రిలో వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఉద్యోగం. బూడిదరంగు ప్యాంటు, తెల్లచొక్కా వేసుకోవాలి, అన్నీ అక్క కుట్టినవే. బావ పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరే. నేనుండేది పక్క వీధిలో.

ఒకరోజు దిండులో కూరడానికి పీలికలు కావలసివచ్చి, అక్క వాళ్లింట్లో గుడ్డముక్కల సంచిలో చెయ్యి పెట్టాను. అడుగున బ్రెడ్డు కవర్లు, బిస్కెట్ల కాగితాలు, ఖాళీ పాలపొడి డబ్బా, నాకినట్టు శుభ్రంగా ఉన్న జాం సీసా. ఎలుకల పని అనుకుందామంటే సీసాకు మూత బిగించి ఉంది. పిచ్చుకను మేడ మీదికి తీసుకెళ్లి అడిగాను. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

“ఆకలేస్తే తినొచ్చుగా, ఈ దొంగతనమెందుకే?”

“ఆకలి కాదు పిన్నీ. అమ్మ కొట్టు మూసి వచ్చేలోపు ఇంట్లో ఎవరూ ఉండరు చూడు, అప్పుడు మొదలవుతుంది. మొదటి ముక్క వరకే రుచి. ఆ తర్వాత ఏం తింటున్నానో నాకే తెలీదు. నిలబడే తింటా. కడుపు నొప్పెట్టినా చెయ్యి ఆగదు.”

“మరి పగలు?”

“ముందురోజు అంత తిన్నాక పగలేం తింటాను? టీ తాగి ఊరుకుంటా.”

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తిండి లేక ఏడ్చినవాళ్లను చూశాను గానీ తింటూ ఏడ్చేవాళ్లను చూడలేదు. నోరు కట్టుకోలేవా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని మొహం చూసి మింగేశాను.

దాని స్నేహితురాలు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఇది తిండిపోతుతనం కాదు, జబ్బు అందావిడ. పగలంతా మాడ్చిన కడుపు సాయంత్రం పగ తీర్చుకుంటుందట. నిన్న ఎంత తిన్నా సరే, ఇవాళ పొద్దున వేళకు తినాల్సిందేనట. బరువు చూసుకోకూడదు, ఇంట్లో ఎవరూ దాని ఒంటి గురించి మాట్లాడకూడదు. అతిగా తినడం మానాలంటే ముందు తినడం నేర్చుకోవాలన్నమాట. వినడానికి తమాషాగా ఉంది గానీ పిచ్చుక మాత్రం నవ్వలేదు.

అక్కకు అంతా చెప్పాను. ఇస్త్రీ చేస్తూ విన్నది.

“ఎవరితోనూ అనకు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది,” అంది.

“నేననను. నువ్వు దాన్ని ఏమీ అనకు.”

“నేనెందుకంటాను?”

అనలేదు కూడా. ఆ మాట మీద నిలబడింది.

పిచ్చుక మెల్లగా నిలదొక్కుకుంది. మధ్యాహ్నానికి గిన్నెలో అన్నం పట్టుకెళ్లేది. సాయంత్రం ఖాళీ ఇంటికి పోకుండా కొట్టుకు వచ్చి నా పక్కన కూర్చుని గుండీలు కుట్టేది. ఒకటి రెండుసార్లు జారింది. జారిన మర్నాడు కూడా ఏడుస్తూనే పొద్దున్న తిని వెళ్లింది. “నీ కబుర్లు వింటుంటే ఎవరికైనా ఆకలి చచ్చిపోతుంది పిన్నీ, డాక్టరమ్మ మందు రాయకుండా నిన్ను రాయాల్సింది,” అనేది. అది అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నేనూ సంతోషించాను.

ఒక సాయంత్రం వచ్చి గుండీల డబ్బా ముట్టుకోలేదు.

“ప్యాంట్లు ఎక్కట్లేదు పిన్నీ. ఏ ఒక్కటీ ఎక్కట్లేదు. కూర్చుంటే ఊపిరాడట్లేదు. వేళకు తినమని ఆవిడ చెప్పడం, నేను తినడం.”

“అమ్మనడిగి వదులు చేయించుకోవే.”

“ఏ మొహం పెట్టుకుని అడగను? అమ్మ చూస్తూనే ఉంది. పాపం ఏమీ అనట్లేదు.”

మర్నాటి నుంచి గిన్నె పట్టుకెళ్లడం మానేసింది. కొట్టుకు రావడమూ మానేసింది. నేను ఇంటికి వెళితే తలుపు తీయకుండా, తలనొప్పి, పడుకున్నానంది. మళ్లీ టీ నీళ్ల మీద బతకడం మొదలుపెట్టింది. చివరికి ఒకనాడు అక్క కొట్టు మూసి వెళ్లేసరికి వంటింటి నేల మీద పడి ఉంది. చుట్టూ చించిన కవర్లు. అన్నం గిన్నె ఖాళీ. కొనుక్కున్నవీ వండినవీ అయిపోయాక, పచ్చిపిండి నీళ్లలో కలుపుకుని తిన్నట్టుంది, చేతులకు అంటుకుని ఎండిపోయింది. కడుపు బిగిసిపోయి రాయిలా ఉంది. ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి అంతా లాగేశారు. ఇంకాస్త ఆలస్యమైతే కడుపు చిట్లేదన్నారు.

గొట్టం తీశాక, ఇంటికొచ్చేనాటికి వేసుకోవడానికి వదులు ప్యాంటు ఉండాలి కదా అని, దాని బీరువాలోంచి ఒకటి తెచ్చి తిరగేసి బ్లేడు పెట్టాను. లోపల నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ ఉంది. చక్కగా ఇస్త్రీ చేసి అణిచేసి ఉంది. ఇప్పటి కుట్టుకు అవతల, విప్పేసిన పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు వరుసగా కనిపించాయి. దానికి అవతల ఇంకో వరుస. అన్నిటికంటే చివరి వరుస మీద టేపు పెట్టి చూస్తే పిచ్చుక అసలు కొలత. మిగతా ప్యాంట్లు తీశాను. అన్నీ అంతే. పిల్ల పెరగలేదు. ఎవరో బట్టను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చారు. అంత సన్నని కుట్టు వేసే చెయ్యి మా వీధుల్లో ఒక్కటే ఉంది.

కొట్టుకెళ్లి ప్యాంటు అక్క ముందు పడేశాను. అక్క చేతిలో సుద్ద కింద పెట్టింది.

“బిగుతైతే తనకే తెలిసొస్తుందనుకున్నా,” అంది. “తనే తగ్గించుకుంటుందనుకున్నా. నేను నోరు తెరిచి ఒక్క మాట అన్లేదే. అనొద్దన్నావుగా.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాం. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అక్కను కొట్టాలనిపించింది. తోబుట్టువు మీద అంత అసహ్యం పుడుతుందని నాకప్పటిదాకా తెలియదు.

“దానికి చెప్పు,” అన్నాను.

“చెబితే మళ్లీ నా మొహం చూస్తుందా?”

“చూడకపోతే చూడదు. చెప్పకపోతే అది లావైపోయాననుకుని మళ్లీ పస్తుంటుంది, మళ్లీ ఆ నేల మీదే పడుతుంది. ఈసారి చిట్లుతుంది.”

అక్క ఆసుపత్రికి వచ్చింది. ప్యాంటు తిరగేసి పిచ్చుక ఒళ్లో పెట్టింది. దర్జీ కూతురికి విడమరిచి చెప్పనక్కర్లేదు. రంధ్రాలను వేలితో తడుముకుంటూ పైనుంచి కిందిదాకా వెళ్లింది.

“అన్నీనా?”

అక్క తలూపింది.

“అంటే నేను లావవలేదు.”

“లేదు తల్లీ.”

“నేను మధ్యాహ్నం అన్నం మానేశానమ్మా.”

కోప్పడలేదు, ఏడవలేదు. నెమ్మదిగా అంది. అక్క ఏడుస్తూ దాని చెయ్యి పట్టుకోబోయింది. పిచ్చుక చెయ్యి దుప్పటి కిందికి తీసుకుంది.

ఆయా వచ్చి జావ గిన్నె పెట్టిపోయింది. పిచ్చుక దానికేసి, పామును చూసినట్టు చూసింది. అక్క స్పూను అందుకుంది.

“నువ్వు బయటికెళ్లమ్మా. నేను తినాలి. నువ్వు చూస్తుంటే తినలేను.”

అక్క స్పూను గిన్నెలో పెట్టి లేచింది. ప్యాంటు తీసుకోబోతే, అది ఉండనీ అంది పిచ్చుక.

నేను పక్కనే కూర్చున్నాను. ఏ కబుర్లూ చెప్పలేదు. ఒక స్పూను తిని, చాలాసేపు కళ్లు మూసుకుని, ఇంకోటి తింది. సగం గిన్నెతో ఆపి మూత పెట్టింది. సాయంత్రం మళ్లీ ఎప్పుడు పెడతారో కనుక్కు రమ్మంది.

బయటికి వచ్చాను. అక్క గోడకానుకుని నిలబడి ఉంది.

“తిందా?” అంది.

“తింది.”

“నన్ను రమ్మందా?”

లేదన్నాను.