ఖాళీ అని వదిలేసినవి

అక్కరలేనిదాన్ని పారవేయడం శుభ్రత. ఎందుకున్నదో తెలియనిదాన్ని పారవేయడం అజ్ఞానం. ఈ తేడా ఎరుగని వెంకటేష్ అనే ఇంజినీరు ఒక మధ్యాహ్నం మైపాడులోని మా రొయ్యల హేచరీని స్తంభింపజేశాడు.

హేచరీ మా చెల్లెలి కొడుకు గిద్యోనుది. రొయ్య పిల్లల తొట్లలో నీరు చల్లబడకుండా, వేడెక్కకుండా కనిపెట్టుకుని ఉండేది ఒక చిన్న కంప్యూటరు. దాన్ని నడిపే లినక్స్ వ్యవస్థను, భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాక, అవసరమైనవి మాత్రమే ఏరి ముక్కముక్కగా కూర్చింది నేను. వెంకటేష్ దానికి బదులు తన కంపెనీ కంట్రోలు పెట్టె అమ్మడానికి వచ్చాడు. వచ్చినవాడు, మా మెమరీ కార్డు నిండిపోయిందని, ఉచితంగా పెద్ద కార్డులోకి మార్చిపెడతానని పూనుకున్నాడు. మార్చాడు, పాత కార్డును తుడిచేశాడు. ఆ తరువాత యంత్రం లేవలేదు.

నేను వెళ్లేసరికి పనివాళ్లు థర్మామీటర్లు పట్టుకుని హీటర్లను చేత్తో వేస్తూ ఆపుతూ ఉన్నారు. గిద్యోను ముఖం పాలిపోయి ఉంది.

"పొద్దుగూకేలోపు లేవకపోతే వాళ్ల పెట్టె బిగించేస్తా పెద్దమ్మా. పిల్లలు చచ్చినాక నీ ఉపన్యాసం వినవు."

ఆ పెట్టెకు సీలు ఉంది. విప్పితే వారంటీ పోతుంది. లోపల ఏం జరుగుతోందో కొన్నవాడికి తెలియకూడదన్నది దాని నియమం. మా నీళ్లను అటువంటిదాని చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

కంప్యూటరే పాతబడిందని వెంకటేష్ తీర్పు చెప్పాడు. నేను యంత్రానికి తెర కలిపి, దాని మీద పడుతున్న పంక్తులు చదివాను. తమకు లేనిదేమిటో యంత్రాలు దాచుకోవు. లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ మేల్కొంది, కార్డును చూసింది, తన స్థితిగతులను పరచుకునే ప్రాక్ అనే డైరెక్టరీ, అంటే ఫోల్డర్, కోసం వెతికింది. లేదు. పరికరాలను అందుకునే డెవ్ లేదు. సిస్ లేదు. కాపీ చేసేటప్పుడు ఏం వదిలావని అడిగాను.

"వాటిల్లో ఏమీ లేవు కదా మేడం. ఖాళీ ఫోల్డర్లు ఎందుకని వదిలేసినా. జాగా కలిసొస్తుందని."

గిద్యోను వైపు నుంచి వచ్చింది సమాధానం. "పిల్లల్ని పొయ్యకముందు తొట్టి గూడా ఖాళీనే గదన్నా. పగలగొట్టి జాగా చేసుకుందామా?"

పనివాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. కార్డులో ఆ డైరెక్టరీలు ఖాళీగానే ఉంటాయి. కెర్నెల్ లేచాక వాటిని నింపుతుంది. చోటంటూ లేకపోతే దేనిలో నింపుతుంది?

కార్డును నా ల్యాప్‌టాప్‌లో పెట్టి వాటిని తిరిగి సృష్టించాను. ఈసారి యంత్రం మరికొంత దూరం నడిచి ఆగింది. ఇకపై ఏం మొదలుపెట్టాలో దానికి తెలియలేదు. ఒక్కొక్కదాన్ని మొదలుపెట్టే ఆదేశాల స్క్రిప్టులు ఉన్నాయి; ఏది ముందో ఏది వెనకో చెప్పే లంకెలు మాత్రం కొత్త కార్డుకు చేరలేదు. హీటర్ల ప్రోగ్రాం ఒక్కటీ నేరుగా నడిపించేద్దామని వెంకటేష్ తొందరపెట్టాడు. నీటి వేడిని కొలిచే సెన్సార్లు లేవకముందు హీటర్లు లేస్తే, అవి గుడ్డిగా కాగబెడతాయి. రొయ్య పిల్లలను అమ్మే చోట పులుసు వండే ఉద్దేశం నాకు లేదని చెప్పాను.

జ్ఞాపకాన్ని నమ్మకుండా ప్రతి స్క్రిప్టునూ చదివి లంకె రాశాను. ముందు డైరెక్టరీలు, ఆపైన గడియారం, సెన్సార్లు, అన్నిటికన్నా చివర హీటర్లు.

స్విచ్ వేశాను. పంక్తులు ఎక్కడా తడబడకుండా దిగివచ్చాయి. ఒక్కొక్క తొట్టి ఉష్ణోగ్రత తెర మీద నిలిచింది. హీటర్లకు కరెంటు కలిపే రిలే గోడ మీద టక్కుమంది. హీటరు దగ్గరున్న పనివాడు ఓబయ్య స్విచ్ మీది చెయ్యి తీసేసి, థర్మామీటరు చూసి, తెర చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపాడు.

"ఆటో పిలిపిస్తా అన్నా," అన్నాడు గిద్యోను వెంకటేష్‌తో. "ఆ పెట్టె నెల్లూరికి ఎత్తుకుపో."

వెంకటేష్ కదలలేదు. ఆ స్క్రిప్టులు ఒకసారి చూడవచ్చునా అని నన్ను అడిగాడు, మొదటిసారిగా వినయంతో. తెరను అతని వైపు తిప్పాను.

"కూర్చుని చదువు. దాచింది ఏమీ లేదు."

ఆటో వచ్చి హారన్ కొట్టింది. కొట్టినా అతను లేవలేదు.