సొట్ట ఉన్న వైపు

“కారేది కెటిలూ, తుడిచేది నేనూ. ఉంచమనేది మాత్రం నువ్వు!” అంది వదిన, స్టవ్వు మీద తడి తుడుస్తూ.

“అమ్మది వదినా,” అన్నాను. పొద్దుటి నుంచి అదే మాట. అందులో నాకే పస కనిపించడం లేదు.

“మీ ఇద్దరి వేడికే నీళ్ళు కాగేట్టున్నాయి. ఇంక స్టవ్వెందుకు?” అన్నాడు అన్నయ్య.

అమ్మ పోయి నెల దాటింది. నాన్నకి టీ అంటే ఆవిడ పెట్టిందే. ఆ తర్వాత ఎవరు పెట్టిచ్చినా కప్పు ముట్టుకోలేదు. కెటిల్ ఉంటే ఎప్పటికైనా తాగుతాడని నా ఆశ. నాకు ఏడుపు కూడా రాలేదు. మిగిలింది ఆ ఆశ ఒక్కటే.

సాయంత్రం తీసి దాచేద్దామని చూస్తే కెటిల్ వంటింట్లో లేదు. నాన్న గదిలో, బల్ల మీద ఉంది. పక్కన కాగితం, పెన్సిళ్ళు.

నాన్న ఫ్యాక్టరీలో యంత్రభాగాల బొమ్మలు గీసేవాడు. ఆ పనిలో వస్తువు ఎలా ఉండాలో అలాగే గీస్తారు. సొట్టపడితే అది స్క్రాపు కిందే లెక్క.

ఈ కాగితం మీద నాన్న గీసిన కెటిల్‌కి సొట్ట ఉంది. అమ్మ ఎప్పుడూ గోడవైపు తిప్పి పెట్టే సొట్ట. అంచున నీడ పలచగా మొదలై లోతుకి పోయేసరికి చిక్కబడింది. మెరుపుని అసలు గీయలేదు. అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేశాడు. చెయ్యి కాలకుండా పిడికి అమ్మ చుట్టిన నూలుదారం, ఏ చుట్టుకి ఆ చుట్టు విడిగా కనిపిస్తోంది. అమ్మది ఎడంచేతివాటం. చుట్లు కూడా అటే వాలి ఉన్నాయి.

వేలు పెట్టబోయి, చెదిరిపోతుందని ఆగాను.

“బాగుందా?” అన్నాడు నాన్న.

“దారం అచ్చు అమ్మ చుట్టినట్టే ఉంది నాన్నా.”

తల ఊపాడు. లేచి, కెటిల్ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. అన్నయ్య పక్కన నిలబడ్డ వదిన చేతిలో దాన్ని పెట్టాడు.

“పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమ్మా. రేపట్నుంచి పొద్దున్న టీ గిన్నెలో నేను పెడతా.”

“మీకు పెట్టడం వచ్చా మామయ్యా?”

“రాదు,” అన్నాడు. మా ముగ్గురి వైపూ చూసి మెల్లిగా, “ఎలా కుదిరినా అందరం తాగుదాం. నేనూ తాగుతాను,” అన్నాడు.